ఖాతా పుస్తకం – కథా పుస్తకం

తెలుగు కథలో అప్పిచ్చేవాడు పాతకాపు పాత్ర. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, చంకలో ఖాతా పుస్తకం, నోట్లో తీపి, కడుపులో విషం. అతడు కథలో అడుగు పెట్టగానే పాఠకుడికి మిగతా కథంతా తెలిసిపోతుంది. రైతు ఏడుస్తాడు, ఎద్దులు పోతాయి, ఆడపిల్ల పెళ్ళి ఆగిపోతుంది. ఆఖరున షావుకారుకు శాస్తి జరుగుతుంది, లేదా జరగదు. జరిగితే దాన్ని ఆశావాద కథ అంటాం, జరగకపోతే వాస్తవిక కథ అంటాం. రెండు రకాల కథల్లోనూ పాఠకుడికి తెలియకుండా మిగిలిపోయేది ఒకటుంది. ఆ అప్పు అంత ఎట్లా పెరిగింది?

ప్రశ్న చిన్నదే. కాని సాహిత్యంలో వాస్తవికత గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని దాటవేయడానికి వీల్లేదు. దోపిడీని ఒక మనిషి దుర్మార్గంగా చూపించవచ్చు, మనుషుల మధ్య నడిచే ఒక సంబంధంగానూ చూపించవచ్చు. మొదటి పని కోపం తెప్పిస్తుంది. రెండో పని ఆ కోపానికి దారి చూపిస్తుంది. అప్పును వస్తువుగా తీసుకున్న మన రచనల్లో మొదటి పని చేసినవి చాలా ఉన్నాయి, రెండో పని చేసినవి తక్కువ. ఈ తక్కువ ఎందుకో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విచారణ ఉట్నూరు ప్రాంతం నుంచి చేయడానికి కారణం ఉంది. ఆదిలాబాదు అడవుల్లోని గోండు, కొలాం గూడేల చరిత్రలో అప్పు ఒక కుటుంబం కష్టంతో ఆగిపోయిన సంగతి కాదు. భూమి చేజారడానికి అది తొలిమెట్టు. భూమి కోసం 1940లో జోడేఘాట్‌లోనూ, 1981లో ఇంద్రవెల్లిలోనూ నెత్తురు పారింది. ఇక్కడి అప్పును అర్థం చేసుకోకుండా ఇక్కడి తిరుగుబాటును అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

1. షైలాక్ నీడ

మన చదువుకున్న రచయితల మనసులో అప్పిచ్చేవాడి బొమ్మను గీసింది ఊరి షావుకారు ఒక్కడే కాదు. కాలేజీ పాఠ్యపుస్తకం కూడా గీసింది. షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ చదవకుండా బి.ఎ. దాటినవాళ్ళు ఒకప్పుడు అరుదు. మూడు వేల డకట్ల అప్పు, మూడు నెలల గడువు, తీర్చకపోతే ఒంట్లోంచి పౌను మాంసం. ఈ ఒప్పందం ఎంత ప్రసిద్ధమంటే, వడ్డీ వ్యాపారిని తిట్టడానికి ప్రపంచమంతటా షైలాక్ అనే పేరే వాడుతున్నారు.

1596–98 ప్రాంతంలో రాసి 1600లో అచ్చయిన ఆ నాటకాన్ని ఆ కాలపు సమాజం పక్కన పెట్టి చూస్తే కొన్ని సంగతులు బయటపడతాయి. మొదటిది, ఆ నాటకంలో బీదవాడి అప్పు లేదు. బసానియో ధనికురాలిని పెళ్ళాడడానికి తగిన హంగుల కోసం డబ్బు కావాలంటాడు. అతని కోసం పూచీపడ్డ ఆంటోనియోకు సముద్రాల మీద ఓడలున్నాయి. అదే కాలంలో రొట్టె కోసం, కూలి దొరకని నెలల కోసం, చచ్చిన ఆవు స్థానంలో ఇంకొకటి కొనడం కోసం అప్పు చేసిన లక్షల మంది ఇంగ్లండు పేదలకు ఆ రంగస్థలం మీద చోటు దొరకలేదు. రెండోది, వెనిస్‌లో యూదులు వడ్డీ వ్యాపారం చేయడానికి కారణం వాళ్ళ స్వభావం కాదు. వాళ్ళు భూమి కొనరాదు, చాలా వృత్తులు చేయరాదు. 1516 నుంచి గెట్టో గోడల మధ్య బతకాలి. ప్రభుత్వమే వాళ్ళకు ఆ వ్యాపారాన్ని మిగిల్చి, దాని మీద పన్నులు పిండుకునేది.

మూడో సంగతి మరీ ముఖ్యమైనది. ఇంగ్లండు నుంచి యూదులను 1290లోనే వెళ్ళగొట్టారు. లండన్ ప్రేక్షకులకు అప్పులిచ్చినవాళ్ళు సాటి క్రైస్తవులే, పక్కింటివాళ్ళే. 1571 చట్టం నూటికి ఏటా 10 వరకు వడ్డీని సహించింది. షేక్‌స్పియర్ తండ్రి జాన్ మీదే 1570లో, హద్దు మీరిన వడ్డీ తీసుకున్నాడని అభియోగం నడిచింది. అంటే ప్రేక్షకుడు తన వీధిలోని వడ్డీ మీద పెంచుకున్న కోపాన్ని, తన వీధిలో లేని ఒక పరమతస్థుడి మీద తీర్చుకుని ఇంటికి పోయాడు. షేక్‌స్పియర్ మహాకవి కాబట్టి షైలాక్‌కు కూడా గొంతు ఇచ్చాడు, అవమానాల లెక్క చెప్పించాడు. అయినా కోర్టు సీను ఎవరిని కాపాడింది? ఒక పెద్ద వర్తకుడిని. పత్రంలో నెత్తురు మాట లేదనే కిటుకుతో ఒక పత్రం చెల్లకుండా పోయింది. పత్రాల రాజ్యం మాత్రం చెక్కు చెదరలేదు.

మనవాళ్ళు షైలాక్ నుంచి గొంతును వదిలేసి ముక్కూ మొహమూ తెచ్చుకున్నారు. అక్కడ మతం ఉన్న చోట ఇక్కడ కులాన్ని పెట్టారు. కోమటి మీద సామెతలు, హాస్యకథలు, సినిమాల్లో వెకిలి వేషాలు ఈ ధోరణిలోంచే వచ్చాయి. ఇది కేవలం మర్యాదకు సంబంధించిన అభ్యంతరం కాదు. నిజానికి తెలంగాణలో అప్పులిచ్చినవాళ్ళు ఒక కులంవాళ్ళు కారు. పటేళ్ళు ఇచ్చారు, దేశ్‌ముఖులు ఇచ్చారు, రోహిలాలూ అరబ్బులూ ఇచ్చారు, మార్వాడీలు ఇచ్చారు, నాలుగెకరాలు ఎక్కువున్న రైతు కూడా ఇచ్చాడు. అప్పును ఒక కులపు బుద్ధిగా చూపించిన రచయిత, తక్కిన అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టాడన్న మాట. ప్రేమ్‌చంద్ ఈ పొరపాటు చేయలేదు. 1936 నాటి ‘గోదాన్’లో హోరీకి అప్పిచ్చినవాళ్ళలో బ్రాహ్మణ దాతాదీన్ ఉన్నాడు, ఠాకూరు ఝింగురీ సింగు ఉన్నాడు, దుకాణం నడిపే దులారీ ఉంది. ఎవరి మాట తీరు వారిది, ఖాతా మాత్రం అందరిదీ ఒకటే.

2. చేబదులు, బాకీ

అప్పు ఎప్పుడూ ఇట్లాగే ఉండేదా? యూరపు చరిత్రకారులు ఇటీవలి దశాబ్దాల్లో ఈ ప్రశ్నను లోతుగా తవ్వారు. ఇంగ్లండు గురించి క్రెయిగ్ మల్‌డ్రూ, ఫ్రాన్సు, ఇటలీ తదితర దేశాల గురించి లారెన్స్ ఫాంటేన్ చేసిన పరిశోధనలు మన రచయితలు తెలుసుకోదగినవి. 16, 17 శతాబ్దాల ఇంగ్లండులో నాణేలు కరువు. రొట్టెలవాడు చెప్పులవాడికీ, చెప్పులవాడు కమ్మరికీ, కమ్మరి మళ్ళీ రొట్టెలవాడికీ బాకీ ఉండేవాళ్ళు. బేరాల్లో చాలా భాగం సాక్షుల ముందు నోటిమాట మీద జరిగేవి. కొంతకాలానికోసారి కూర్చుని, బాకీకి బాకీ చెల్లువేసుకుని, మిగిలినదేదో డబ్బుగా ఇచ్చుకునేవాళ్ళు. ప్రతి మనిషీ ఏకకాలంలో అప్పున్నవాడే, అప్పిచ్చినవాడే. మాట మీద నిలబడడం అక్కడ నీతి మాత్రమే కాదు, బతుకుతెరువు కూడా.

దీన్ని స్వర్ణయుగంగా ఊహించుకోనక్కరలేదు. నమ్మకం మీద నడిచే లోకంలో ఎవరూ నమ్మని మనిషి గతేమిటి? భూమి లేనివాడు, ఊరు విడిచి వచ్చినవాడు, మగదిక్కు లేని ఆడది ఆ గొలుసులో చోటు దొరకక బిచ్చగాళ్ళ లెక్కలో చేరిపోయారు. ఆ కాలపు ఇంగ్లండు చట్టాలు, ఊరివాడైన పేదకు ఇంత ముద్ద, ఊరు తిరిగే పేదకు కొరడా అని తేల్చాయి. ఇటలీలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు 1462లో పెరూజియాలో మొదలుపెట్టిన ధర్మ కుదువ కొట్లు తక్కువ వడ్డీకి అప్పిచ్చాయి. కాని కుదువ పెట్టడానికి ఒక దుప్పటైనా ఉన్నవాడికే అవి పనికొచ్చాయి.

మన భాషలోనే ఈ చరిత్ర దాగి ఉంది. ‘చేబదులు’ అనే మాట చూడండి. వడ్డీ లేదు, కాగితం లేదు, గడువు కూడా గట్టిగా లేదు. ఇవాళ నేనిచ్చాను, రేపు నువ్విస్తావు. ‘ధర్మ వడ్డీ’లో ఇంకా ధర్మం అనే మాట మిగిలింది. ‘నాగు’కు వచ్చేసరికి తీసుకున్న ధాన్యానికి సగం కలిపి కొలిచి ఇవ్వాలి. ‘చక్రవడ్డీ’కి వచ్చేసరికి మనిషి మాయమై చక్రం మిగిలింది. ‘బాకీ’ ఉర్దూ కచేరీల ద్వారా వచ్చిన మాట, దాని అర్థం మిగిలినది అని. ఎంత కట్టినా మిగిలేది బాకీ అని మన రైతు దాన్ని అనుభవంలో నిర్వచించుకున్నాడు.

గోండు సమాజంలోనూ ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయి. సాగోత్రాల మధ్య, వియ్యపు వరసల మధ్య విత్తనాలూ ఎద్దులూ చేతులు మారుతాయి. ఒకరి చేను కలుపుకు ఇంకొకరు పోతారు. కిక్రి వాయిస్తూ వంశ గాథలు పాడే పర్ధానుకు తాను పాడే గోండు ఇంటి మీద హక్కుంది, ఆ ఇంటికి అతని పాట మీద హక్కుంది. ఇవన్నీ రుణాలే. కాని రెండు వైపులా నడిచే రుణాలు. అప్పు ఎప్పుడు గొలుసుగా మారిందంటే, ఒకే వైపు నడవడం మొదలైనప్పుడు, లెక్క రాసే కలం ఒకే చేతిలో ఉండిపోయినప్పుడు.

3. కలం ఎవరి చేతిలో ఉంది

ఆదిలాబాదు అడవుల్లోకి రోడ్లు వచ్చాయి. 1920లలో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం వచ్చింది. వాటి వెంట పత్తి, నువ్వుల బేరం వచ్చింది. బేరం వెంట షావుకారు వచ్చాడు. అతడు అప్పిచ్చేవాడు మాత్రమే అయితే కథ ఇంత దూరం వచ్చేది కాదు. గోండు రైతుకు ఉప్పు, బట్ట, విత్తనం అమ్మేదీ అతడే, పంట కొనేదీ అతడే, అప్పిచ్చేదీ అతడే. ఈ మూడు పనులూ ఒకే మనిషి చేతిలో ఉండడమే అసలు కీలకం.

ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. ఆషాఢంలో గూడెంలో గింజలు నిండుకున్నాయి. అప్పుడు బస్తా జొన్న ధర 20 రూపాయలనుకుందాం. షావుకారు ఒక బస్తా ఇచ్చి, ఖాతాలో బస్తా అని రాయడు, 20 రూపాయలని రాస్తాడు. వడ్డీ సవాయి, అంటే పావు వంతు. పంట నాటికి బాకీ 25 రూపాయలు. పంట కళ్ళంలో ఉన్నప్పుడు అదే బస్తా ధర 10 రూపాయలు. కాబట్టి రైతు రెండున్నర బస్తాలు కొలవాలి. అదే నాగు లెక్కన గింజకు గింజగా రాసి ఉంటే ఒకటిన్నర బస్తాతో తీరిపోయేది. అయితే కరువు వచ్చి పంట మీద కూడా ధర తగ్గని ఏడు, షావుకారు గింజల్లోనే రాసుకుంటాడు. ఏ ఏడు దేనిలో రాయాలో నిర్ణయించే హక్కు కలం పట్టినవాడిది. ఆ రెండున్నర బస్తాలను అతడు మళ్ళీ ఆషాఢంలో 50 రూపాయలకు అమ్ముతాడు, లేదా మరి ఇద్దరు ముగ్గురికి అప్పుగా ఇస్తాడు.

ఈ లెక్కలో వడ్డీ చిన్న దొంగ. పెద్ద దొంగ ధరల తేడా. అందుకే వడ్డీకి హద్దు పెట్టి, లైసెన్సు అడిగే చట్టాలు ఈ దోపిడీని సగమైనా పట్టుకోలేకపోయాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారం మీద 1960లో నిబంధన వచ్చింది, గిరిజనుల రుణ విముక్తి నిబంధన కూడా వచ్చింది. షావుకారు వాటిని చదువుకున్నాడు, గోండు రైతుకు చదివి చెప్పినవాడు లేడు. సరుకు అమ్మడం, పంట కొనడం, అప్పివ్వడం ముడిపడి ఉన్నాయన్న సంగతిని కొంతవరకు గుర్తించినది గిరిజన సహకార సంస్థ. 1956లో విశాఖపట్నంలో మొదలైన ఆ సంస్థ తరువాత ఈ అడవులకూ వచ్చింది. దాని లోపాలు దానికున్నాయి గాని, సమస్యను సరైన చోట పట్టుకున్న ప్రయత్నమది.

బాకీ తీరకపోతే ఏమవుతుంది? మనిషి పోతాడు, లేదా భూమి పోతుంది. మనిషి పోవడాన్ని నైజాం రాజ్యంలో భగేలా అన్నారు. అప్పుకు ఈడుగా జీతం ఉండడం, తండ్రి తరువాత కొడుకు ఉండడం. నిజాం ప్రభుత్వమే 1930, 40లలో భగేలా ఒప్పందాల మీద నిబంధనలు చేయవలసి వచ్చింది. 1976లో కేంద్రం వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తెచ్చింది. ఇక్కడ ఒక భేదం గమనించాలి. మన తెలంగాణ నవల వెట్టిని గొప్పగా చిత్రించింది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ గడీ దౌర్జన్యాన్ని చరిత్రలో నిలబెట్టాయి. వెట్టి బలవంతం. కర్ర కనిపిస్తుంది, దెబ్బ కనిపిస్తుంది, నవలలో చెప్పడానికి అనువుగా ఉంటుంది. భగేలా ఒప్పందంలాగా కనిపిస్తుంది. ఇక్కడ కర్ర ఉండదు, వేలిముద్ర ఉంటుంది. తాను మాట తప్పకూడదనుకునే బీదవాడి నీతే ఇక్కడ అతని మెడకు తాడు. ఈ రెండో దాన్ని చిత్రించడం కష్టం. కష్టం కాబట్టే రచయితలు షావుకారును కొరడా పట్టిన దొరలాగా మార్చి పని కానిచ్చారు.

భూమి పోయిన తీరు కూడా అంతే. పట్టా కాగితం ఉర్దూలో, ఖాతా మరాఠీలోనో తెలుగులోనో, రైతు మాట గోండిలో. గోండులకు రాత తెలియదు కాబట్టి మోసపోయారని చెప్పడం మనకు అలవాటు. నార్నూరు మండలం గుంజాలలో పాత గోండి రాతప్రతులు బయటపడ్డాక ఆ మాట తిరిగి ఆలోచించుకోవలసి వచ్చింది. 2018లో ఆ గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది. వాళ్ళకు రాత లేకపోలేదు, వాళ్ళ రాత కచేరీలో చెల్లలేదు. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండి వాచకాలతో బడి మొదలైంది. రసీదు మీద ఏం రాసి ఉందో చదవగల తరాన్ని తయారుచేసే దిశగా అది పెద్ద అడుగు. హైదరాబాదు గిరిజనుల మీద 1945లో వెలువడిన ఆయన నివేదికలు, 1982 నాటి పుస్తకం పక్కపక్కన పెట్టి చదివితే, మధ్య నలభయ్యేళ్ళలో పట్టాలిచ్చిన భూములు కూడా ఎట్లా జారిపోయాయో తెలుస్తుంది. భూబదిలీ నిషేధం 1963లో తెలంగాణకు వర్తించింది, 1970 సవరణతో గట్టిపడింది, జనం నోట 1/70గా నిలిచింది. అయినా కాగితం మీద గిరిజనుడి పేరు, కళ్ళంలోంచి పంట ఇంకొకరి ఇంటికి. చట్టం నిషేధించిన అమ్మకాన్ని అప్పు చడీ చప్పుడూ లేకుండా జరిపించింది.

4. ‘యజ్ఞం’ చేసిన పని

ఈ లెక్కను కథగా మలచవచ్చా? మలచవచ్చునని కాళీపట్నం రామారావు నిరూపించారు. 1960ల నడుమ వచ్చిన ‘యజ్ఞం’ గురించి ఎంత చర్చ జరిగిందో సాహిత్య విద్యార్థులకు తెలుసు. చర్చ ఎక్కువగా ముగింపు చుట్టూ తిరిగింది. కన్నబిడ్డను చంపిన సీతారాముడి చర్య ఉచితమా, అది నిరాశావాదమా, తిరుగుబాటా అని. ఈ చర్చలో కథలోని అధిక భాగం వెనక్కి పోయింది. ఆ అధిక భాగం అప్పు పంచాయితీ.

‘యజ్ఞం’లో షావుకారు గోపన్న రాక్షసుడు కాడు. తగవు తీర్చే శ్రీరాములు నాయుడు గాంధీ మార్గంలో నడిచే, న్యాయం కోసం నిజంగా తపించే పెద్దమనిషి. అప్పు పడ్డ అప్పల్రాముడు అబద్ధమాడడు, అప్పు లేదనడు. ఊళ్ళో అందరూ మంచివాళ్ళే. రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, ఊరు బాగుపడింది. ఇంత మంచి మధ్య ఒక కష్టజీవి కుటుంబం ఎట్లా దివాలా తీసిందన్నదే ప్రశ్న. రచయిత దానికి జవాబును ఏ పాత్ర చెడ్డతనంలోనూ పెట్టలేదు. పంట ధరల్లో, కూలి రేట్లలో, ఊరి వృత్తులు కూలిపోవడంలో, డబ్బు పోకడలో పెట్టారు. అప్పల్రాముడు తన బతుకు చెప్పుకుంటున్నప్పుడు మనం వింటున్నది ఒక ముసలివాడి గోడు మాత్రమే కాదు. ఖాతాకు ఎదురుగా నిలబడిన ఇంకొక ఖాతా. గోపన్న పుస్తకంలో అసలు, వడ్డీ మాత్రమే ఉన్నాయి. అప్పల్రాముడి నోటిలెక్కలో ఇంటిల్లిపాదీ చేసిన చాకిరీ ఉంది, మారిన ధరలున్నాయి, ఊరు అతని నుంచి తీసుకున్నదంతా ఉంది. న్యాయస్థానం మొదటి పుస్తకాన్నే సాక్ష్యంగా తీసుకుంటుంది. పాఠకుడు రెండోదాన్ని తీసుకుంటాడు. ఈ తేడాలోంచే కథ బలం పుట్టింది.

ఇట్లా చదివితే ముగింపు కూడా వేరుగా అర్థమవుతుంది. తండ్రి ఒప్పుకున్న అప్పు కొడుకులను కంబారులను చేస్తుంది, ఆ పైన వాళ్ళ కొడుకులను చేస్తుంది. బాకీ వారసత్వంగా దిగే వ్యవస్థలో పుట్టిన బిడ్డ ఖాతాలో తరువాతి పేరు. సీతారాముడు ఆ పేరును కొట్టేశాడు. ఆ పని అమానుషమే. దాన్ని మార్గంగా ఎవరూ సమర్థించనక్కరలేదు, రచయితా సమర్థించలేదు. కాని అంతకుముందు మూడు తరాలను మనిషికో పద్దుగా రాసుకున్న పుస్తకం అమానుషమని మనకెవరికీ తోచలేదెందుకు? అది ఒక తెల్లని, శుభ్రమైన, ధర్మబద్ధమైన కాగితంగా ఎందుకు కనిపించింది? కథ మనల్ని అడిగేది ఇదే. ప్రేమ్‌చంద్ ‘సవాసేరు గోధుమలు’ కథలోనూ శంకర్ అతిథి కోసం తెచ్చిన పిడికెడు గోధుమలు మణుగులై, అతడు చచ్చిపోయాక కొడుకు మెడకు చుట్టుకుంటాయి. అయితే అక్కడ అప్పిచ్చిన విప్రుడి కపటం మీద కథ నడుస్తుంది. కపటం కూడా అవసరం లేకుండా అదే ఫలితం వస్తుందని చూపడం ‘యజ్ఞం’ వేసిన ముందడుగు.

5. ఉట్నూరు అడవుల కథ

ఈ కొలతతో మన ప్రాంతపు సాహిత్యాన్ని చూసుకోవాలి. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల 1983లో వచ్చింది. గోండు గూడేల జ్ఞాపకాల్లోంచి ఒక వీరుణ్ణి తెలుగు పాఠకుల ముందు నిలబెట్టిన నవల అది. ఇంద్రవెల్లి అంగడి రోజున, 1981 ఏప్రిల్ 20న, గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చినవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపి అప్పటికి రెండేళ్ళే అయింది. చనిపోయినవాళ్ళు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది, అంతకు ఎన్నో రెట్లని జనం చెప్పారు. ఆ సభలో అడిగినవాటిలో పోడు భూములకు పట్టాలున్నాయి, షావుకార్ల దోపిడీ ఆగాలన్నదీ ఉంది. అటువంటి సమయంలో భీం కథ చెప్పడం సాహిత్యం తన బాధ్యతను నెరవేర్చడమే.

ఆ నవలకు ఇరుసు భూమి, అడవి. పోరాట నవలకు ఆ ఇరుసు సరైనదే. భీం కుటుంబం చెమటోడ్చి పండించిన చేను తనదేనని పట్టా కాగితంతో ఒకడు రావడం, అక్కడ రగిలిన నిప్పు, అస్సాం తేయాకు తోటల దాకా సాగిన ప్రవాసం – ఇదంతా ఇప్పుడు తెలుగువాళ్ళందరికీ తెలిసిన గాథ. కాగితం గూడెంలో అడుగుపెట్టే ఘట్టం ఆ గాథలో ఎంత ముఖ్యమో చూడండి. ఆ కాగితం ఆకాశంలోంచి ఊడిపడలేదు. అటువంటి కాగితాల వెనక ఎన్నో ఆషాఢాలున్నాయి, ఎన్నో రెండున్నర బస్తాలున్నాయి. తిరగబడ్డ రోజు గురించి మనకు నవల ఉంది. తిరగబడక ముందు ఇరవయ్యేళ్ళలో ఒక గూడెం, ఏడాదికి ఒక చేను చొప్పున, ఎట్లా జారిపోయిందో చెప్పే కథలు తగినన్ని రాలేదు. వీరగాథ లేని చోట సాహిత్యానికి వస్తువు లేదని మనం అనుకున్నట్టున్నాం.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. లెక్కలు రాస్తే కథ వ్యాసమైపోదా అని. అవుతుంది, లెక్క పాత్ర బయట ఉంటే. లెక్క పాత్ర బతుకులో ఉంటే కాదు. సంతలో తక్కెడ వైపు చూస్తున్న గోండు ముసలమ్మకు కాటా ఎటు మొగ్గుతోందో తెలుసు, నోరెత్తితే వచ్చే ఆషాఢంలో గింజలు పుట్టవనీ తెలుసు. ఆ రెండు తెలివిడుల మధ్య ఆమె మౌనంగా నిలబడ్డ క్షణంలో అర్థశాస్త్రం ఉంది, నాటకమూ ఉంది. ఆమెను అమాయకురాలిగా రాసే రచయిత ఆమెను రెండోసారి మోసం చేస్తున్నాడు. ఆమె మోసపోతున్నది తెలియక కాదు, వేరే దారి లేక.

6. మొహం లేని షావుకారు

ఇదంతా పాత కథ కదా అనేవాళ్ళకు ఒక మాట. అప్పు పోలేదు, వేషం మార్చుకుంది. ఆదిలాబాదు పత్తి రైతుకు విత్తనం, ఎరువు, పురుగుమందు అరువిచ్చే దుకాణందారే చాలాచోట్ల పంట కొంటాడు. ఆ పాత ముడి తెగలేదు. ప్రభుత్వాలు రుణమాఫీ చేసినప్పుడు, 2024లో తెలంగాణలో చేసినప్పుడు కూడా, మాఫీ అయ్యేది బ్యాంకు పుస్తకంలోని బాకీ. కౌలు రైతు పేరు, పట్టా లేని పోడు రైతు పేరు ఉండేది ఎక్కువగా ఇంకొక పుస్తకంలో. దాన్ని మాఫీ చేసేవాడు లేడు.

అంతకన్నా ఆలోచించవలసినది సూక్ష్మ రుణాల సంగతి. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ కంపెనీల వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ పద్ధతిలో కుదువ వస్తువు ఉండదు. పక్కింటి ఆడవాళ్ళే ఒకరికొకరు పూచీ. ఒకరు కిస్తీ కట్టలేకపోతే మిగతావాళ్ళు వెళ్ళి ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. అంటే చేబదులుకు పునాదిగా ఉన్న ఇరుగుపొరుగు నమ్మకాన్నే తాకట్టు పెట్టుకున్నారన్న మాట. పాత షావుకారు పంటను తీసుకున్నాడు, భూమిని తీసుకున్నాడు. కొత్త షావుకారు పక్కింటి మనిషిని వసూలు బంట్రోతుగా మార్చాడు. 2020 చివరలో హైదరాబాదులో ఫోను అప్పుల వేధింపులకు ప్రాణాలు పోయాయి. అక్కడ అప్పు తీసుకున్నవాడి ఫోనులోని స్నేహితుల పేర్లే తాకట్టు. ఈ షావుకారుకు ముక్కూ మొహమూ లేవు, కులమూ లేదు. పాత వెకిలి బొమ్మతో ఇతన్ని పట్టుకోవాలనుకునే రచయిత చేతికి ఏమీ చిక్కదు.

కాబట్టి రచయితలు, ముఖ్యంగా ఇప్పుడిప్పుడే రాస్తున్న యువకులు, గోండు, కొలాం, లంబాడీ, దళిత కుటుంబాల నుంచి వస్తున్న కొత్త రచయితలు, ఒక పని చేయవలసి ఉంది. మీ ఇంట్లో, మీ గూడెంలో పెద్దవాళ్ళను అప్పు గురించి అడగండి. ఎవరు ఇచ్చారని ఆగిపోకండి. ఏ నెలలో ఇచ్చారు, ఏ కొలతతో ఇచ్చారు, ఏ ధరకు రాసుకున్నారు, ఏ ధరకు కొలిపించుకున్నారు, ఆ ఏడు ఏ పంట పోయింది, ఎవరి పెళ్ళి జరిగింది, కాగితం ఏ భాషలో ఉంది, వేలిముద్ర ఎవరు వేయించారు అని అడగండి. వాళ్ళకు ఇవన్నీ గుర్తుంటాయి. బీదవాడు బాకీని మరిచిపోడు. ఇంతకాలం ఆ లెక్క ఒక్క షావుకారు పుస్తకంలోనే అచ్చంగా నిలిచింది. రెండో పుస్తకం రాయడం సాహిత్యం చేయవలసిన పని. ఏదో ఒక నాటికి జరగబోయే పంచాయితీలో రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదవాలి. అప్పుడు ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో తేలుతుంది.